ఊరు సుగ్గికెళ్లింది... అవ్వ మిగిలింది!

దసరా, దీపావళి వెళ్లాక ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో ఓ దిగులు మొదలవుతుంది. దానికి కారణం మబ్బూ కాదు, మంచూ కాదు... తాళం పడిన తలుపులు. ఏటా చెప్పి మరీ వచ్చే ఆ దిగులును ఇంట్లో మిగిలిన పెద్దవాళ్లు ఎలా దాటాలి? వదిలి వెళ్లేవాళ్లు ఏం చేయాలి?

తెల్లవారుజామున నాలుగింటికే ఊరి నడుమ బండి ఆగుతుంది. బియ్యం బస్తా, జొన్నల మూట, వంట గిన్నెలు, దుప్పట్లు పైకెక్కుతాయి. ఆ తర్వాత మనుషులు. ఆలుమగలు, ఈడొచ్చిన పిల్లలు, అప్పుడప్పుడూ చంకలో చంటిబిడ్డలు. మిరప కోతలకి గుంటూరు వైపు కొందరు, పత్తి తీయడానికి ఇంకొందరు, బెంగళూరు, హైదరాబాదుల్లో కట్టడాల పనులకి మరికొందరు. బండి కదిలేటప్పుడు గడపలో ఓ అవ్వ నిలబడి ఉంటుంది. 'యాళకింత తినుమ్మా, మాత్రలు మర్చిపోవద్దు' అని కొడుకు బండిలోంచే కేకేస్తాడు. అవ్వ తలూపుతుంది. దుమ్ము సద్దుమణిగాక లోపలికొచ్చి పొయ్యి వైపు చూస్తుంది. ఒక్క ప్రాణానికి పొయ్యెందుకులే అనుకుని, రాత్రి మిగిలిన రొట్టె మజ్జిగలో నానేసుకుని తిని పడుకుంటుంది.

ఈ అవ్వకి పేరు పెట్టక్కర్లేదు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద, నందవరం... కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఏ పల్లెకెళ్లినా కనిపిస్తుంది. వానని నమ్ముకున్న నేలలివి. ఖరీఫ్ పంట ఇంటికొచ్చాక, లేదా ఎండిపోయాక, ఇక పని ఉండదు. అందుకే సుగ్గి.

సుగ్గి అంటే కన్నడంలో కోతల కాలం, పంట ఇంటికొచ్చే సంబరం. సరిహద్దుకి అవతల సంక్రాంతిని సుగ్గి పండగ అనే పిలుచుకుంటారు. అదే మాట ఇవతలికొచ్చేసరికి ఊరొదిలి కూలికి పోవడమైంది. అవతలివాళ్లకి పండగైన మాట, ఇక్కడి అవ్వకి ఎడబాటు!

మంచు దేశాల దిగులు

కాలాన్ని బట్టి మనసు కుంగడం అనే సంగతి వైద్య పుస్తకాల్లోకి ఎక్కి ఎంతోకాలం కాలేదు. దక్షిణాఫ్రికాలో పుట్టిపెరిగిన నార్మన్ రోజెంథాల్ అనే మానసిక వైద్యుడు 1976లో అమెరికా వెళ్లాడు. అక్కడి చలికాలం రాగానే ఆయనకి ఒంట్లో ఓపిక సన్నగిల్లేది, పని మీద మనసు నిలిచేది కాదు. ఎండలొస్తే మళ్లీ మామూలే. తనలాంటివాళ్లు ఇంకెందరో ఉన్నారని గమనించి, సహచరులతో కలిసి 1984లో ఆ స్థితిని వివరిస్తూ పరిశోధన పత్రం ప్రచురించాడు. రుతువుని బట్టి వచ్చే ఆ కుంగుబాటుకి పేరు పెట్టింది ఆ బృందమే.

పొద్దున వెలుతురు కంటికి తగిలితేనే ఒంట్లోని గడియారం సరిగ్గా నడుస్తుంది. నిద్ర, ఆకలి, హుషారు దాన్ని బట్టే ఉంటాయి. లండన్‌లో డిసెంబరులో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. ఇంకా ఉత్తరానికెళితే వారాల తరబడి సూర్యుడే కనిపించడు. అందుకే అక్కడ ఈ బాధ ఎక్కువ. రోజూ పొద్దునే పదివేల లక్సుల వెలుగునిచ్చే ప్రత్యేకమైన దీపం ముందు అరగంట కూర్చోబెట్టడం అక్కడి చికిత్సల్లో ఒకటి.

మరి మన సంగతి? ఆదోనిలో ఏడాదిలోకెల్లా చిన్న పగలు కూడా పదకొండు గంటల పైనే. పెద్ద పగలుకీ దానికీ తేడా రెండు గంటలకి అటూ ఇటూ. అంటే డిసెంబరు చీకటి మన అవ్వని కుంగదీసేంతటిది కాదు. అయినా ఆమెకి దిగులు ఆ నెలల్లోనే వస్తోంది. ఎందుకంటే అక్కడ తగ్గేది పగలు, ఇక్కడ తగ్గేది మనుషులు!

మూడు కాలాలు... మూడు దిగుళ్లు

చిత్రమేమిటంటే, పల్లెలు బోసిపోయే ఆ నెలల్లోనే ఆదోని పత్తి మార్కెట్ యార్డు బండ్లతో, తూకాలతో కళకళలాడుతుంది. పట్నంలో సందడి, పల్లెలో నిశ్శబ్దం. కొడుకూ కోడలూ వెళ్లాక ముసలివాళ్లు మాత్రమే ఒంటరివాళ్లవుతారనుకోవద్దు. కొన్ని ఇళ్లలో మనవళ్లనీ వాళ్లకే అప్పజెబుతారు. డెబ్బై ఏళ్ల వయసులో మళ్లీ బడికి పంపడం, జ్వరమొస్తే ఆసుపత్రికి పరిగెత్తడం. ఆ భారం కూడా కుంగదీసేదే.

ఎమ్మిగనూరు వెళితే లెక్క మారుతుంది. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పి నేతగాళ్లకి నీడ కల్పించిన ఊరది. ఆ సేవకే ఆయనకి 1954లో పద్మశ్రీ వచ్చింది. మగ్గం చప్పుడుతోనే తెల్లవారిన ఇళ్లవి. గుంట మగ్గం వేసేవాళ్లకి దిగులు వానాకాలంలో వస్తుంది. గుంటలోకి నీటి చెమ్మ చేరుతుంది, నూలు చెడుతుంది, పని ఆగుతుంది. ఇక వయసు మీదపడి మగ్గం దిగిన తాతకి ఏ కాలమైనా ఒకటే. యాభై ఏళ్లు ఆడిన చేతులు ఊరికే ఒళ్లో పడి ఉంటే 'నేనింక దేనికీ పనికిరాను' అన్న మాట దానంతటదే వస్తుంది.

మూడోది వేసవి. అందరికీ చలికాలంలోనే కుంగుబాటు రాదు. కొందరికి ఎండాకాలంలో వస్తుందని 1987 నాటికే వైద్యులు గుర్తించారు. చలికాలపు కుంగుబాటులో నిద్ర, ఆకలి పెరిగితే ఇందులో రెండూ తగ్గుతాయి. చిరాకు, కుదురులేనితనం ఎక్కువ. నలభై డిగ్రీలు దాటే ఎండల్లో ముసలివాళ్లు గడప దాటరు, దాహం తెలియక నీళ్లు తాగరు. నీరసం, అయోమయం, దిగులు కలగాపులగమైపోతాయి.

ఎవరి దిగులు ఏ కాలంలో వస్తుందో తెలుసుకోవడమే సగం వైద్యం. ఏడాది మొత్తంలో ఎప్పుడైనా రాగల కష్టానికి సిద్ధంగా ఉండటం అసాధ్యం. కానీ ఫలానా పండగ వెళ్లిన మర్నాడు వస్తుందని తెలిసిన కష్టానికి ముందే ఏర్పాట్లు చేసుకోవచ్చు కదా!

వయసు కాదు... జబ్బు

'ముసలితనం, ఇంతేలే' అనేది మన ఇళ్లలో తరచూ వినిపించే మాట. చెప్పేవాళ్లూ అదే అంటారు, వినేవాళ్లూ అదే అంటారు. నిజానికి కుంగుబాటు ముసలితనంలో భాగం కాదు. బీపీ, చక్కెరల్లాగే అదీ ఒక జబ్బు. నయమవుతుంది కూడా.

2017-18లో దేశవ్యాప్తంగా 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా జనం మీద పెద్ద అధ్యయనం జరిగింది. అరవై దాటినవారిలో 8.3 శాతం మందిలో తీవ్రమైన కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. అంటే పన్నెండు మందిలో ఒకరు. 'మాకు ఆ జబ్బుందని డాక్టరు చెప్పాడు' అన్నవాళ్లు మాత్రం నూటికి ఒక్కరు కూడా లేరు. మిగతావాళ్లు ఏమనుకుంటున్నట్టు? 'ఇంతేలే' అనుకుంటున్నారన్నమాట!

పెద్దవాళ్లు 'నాకు దిగులుగా ఉంది' అని చెప్పరు. 'నడుం లాగుతోంది', 'కడుపులో మంట', 'కాళ్లలో సత్తువ లేదు' అంటారు. మనసు చెప్పలేని మాటని ఒళ్లు చెబుతుందన్నమాట. కాబట్టి ఇంట్లోవాళ్లు వీటిని గమనించాలి.

* రెండు వారాలకి పైగా దాదాపు రోజంతా దిగాలుగా ఉండటం, ఒకప్పుడు ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోవడం.
* తెల్లవారకముందే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం. తిండి తగ్గడం, రవిక, చొక్కా వదులవడం.
* స్నానం, తల దువ్వుకోవడం మానేయడం. పక్కింటికి కూడా వెళ్లకపోవడం.
* మతిమరుపు పెరిగినట్టు ఉండటం. ఇది చిత్తవైకల్యమేనని తేల్చేయొద్దు. కుంగుబాటులోనూ జ్ఞాపకం మందగిస్తుంది, చికిత్సతో తేరుకోవచ్చు.
* 'నేను పోతే మీకు బాధ వదుల్తుంది' లాంటి మాటలు. దీన్ని ఎన్నడూ తేలిగ్గా తీసుకోకూడదు. వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. అప్పటిదాకా ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. పత్తి పండించే ఇళ్లలో పురుగుమందు డబ్బాలు మూలన పడి ఉండటం మామూలే. వాటిని ఇంట్లోంచి తీసేయాలి, లేదంటే తాళం వేసి ఉంచాలి.

ఇంకో సంగతి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, బి12 విటమిన్ లోపించినా అచ్చం ఇలాంటి నీరసమే వస్తుంది. చెవి వినపడకపోతే నలుగురిలో కూర్చోబుద్ధి కాదు. కంట్లో పొర పెరిగితే మధ్యాహ్నం కూడా మసకే. అందుకే ముందు ఒంటికి పరీక్షలు చేయించాలి. కొందరికి శుక్లం తీయించడమే దిగులుకి సగం మందు!

కుంగుబాటు మందులంటే మత్తుబిళ్లలన్న భయం చాలామందికి ఉంది. అవి వేరు, ఇవి వేరు. ఇవి అలవాటు పడే మందులు కావు. కానీ పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసుకుని 'గుణం లేదు' అని ఆపేయకూడదు, నయమయ్యాక కూడా డాక్టరు చెప్పేదాకా మానకూడదు. బీపీకి నీటిమాత్రలు వాడే పెద్దవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. రెండూ కలిస్తే కొందరికి ఒంట్లో ఉప్పు పడిపోయి అయోమయం వస్తుంది, వేసవిలో మరీను.

అవ్వల బెంచీ

మానసిక వైద్యులు పెద్ద పట్నాల్లోనే ఉంటారు కదా, పల్లెలో ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నకి జవాబు ఆఫ్రికాలోని జింబాబ్వేలో దొరికింది. ఆ దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంత మందే మానసిక వైద్యులు. వారిలో ఒకరైన డిక్సన్ చిబాండా 2006లో ఓ ఉపాయం ఆలోచించాడు. ఊళ్లోని అవ్వలకే శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో చెట్టు కింద బెంచీ మీద కూర్చోబెట్టాడు. బాధ ఉన్నవాళ్లు వచ్చి అవ్వ పక్కన కూర్చుంటారు. అవ్వ సలహాలు గుప్పించదు. వింటుంది. ఉన్న కష్టాల్లో ముందు ఏదో ఒకటి ఎంచుకుని, దానికి వచ్చే వారంలోగా చేయగలిగిందేమిటో వాళ్ల నోటితోనే చెప్పిస్తుంది. 'స్నేహ బెంచీ'గా పేరొందిన ఈ పద్ధతిలో కుంగుబాటు లక్షణాలు బాగా తగ్గినట్టు 2016లో ప్రచురితమైన అధ్యయనం చెప్పింది.

అంత దూరమెందుకు, మన గోవాలోనే ఇంకో ప్రయత్నం జరిగింది. కుంగుబాటు ఇంకా పూర్తిగా రాకుండా, అంచున ఉన్న 181 మంది పెద్దవాళ్లని ఎంచుకున్నారు. అందరూ అరవై దాటినవారే. వాళ్లలో సగం మంది దగ్గరికి శిక్షణ పొందిన మామూలు మనుషులు వెళ్లి మాట్లాడేవారు. కష్టాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి చూడటం నేర్పారు. నిద్ర సరిచేసుకునే పద్ధతులు చెప్పారు. చక్కెర జబ్బులాంటివి ఉంటే జాగ్రత్తలు వివరించారు. ప్రభుత్వం నుంచి రావలసిన సాయం అందేలా దారి చూపారు. ఏడాది తిరిగేసరికి మిగతా సగంలో 14 శాతం మందికి కుంగుబాటు వస్తే, వీళ్లలో నాలుగు శాతం మందికే వచ్చింది! 2019లో వెలువడిన ఈ ఫలితాలు చెప్పేదొక్కటే. రాకముందే ఆపొచ్చు. ఆపడానికి డాక్టరే ఉండాలని లేదు.

జింబాబ్వే బెంచీ మనకి కొత్తదేం కాదు. మన ఊళ్లో దానికి రచ్చకట్ట అని పేరు. కాకపోతే కట్ట మీద ఇప్పుడు ఎక్కువగా మగవాళ్లే కూర్చుంటున్నారు. అవ్వ మాత్రం తలుపు వెనకాల ఉండిపోతోంది.

రోజుకో చిన్న పని

కుంగిన మనసు ఓ అబద్ధం చెబుతుంది. 'మనసు బాగుపడ్డాక లేద్దువులే' అంటుంది. నిజం దానికి తలకిందులు. ముందు లేచి పని మొదలుపెడితే మనసు వెనకాలే వస్తుంది. ఇంట్లో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు ఇవి పాటించి చూడొచ్చు.

* పొద్దునే అరగంట బయట కూర్చోండి. దీపాలు కొనక్కర్లేదు. మబ్బు పట్టిన రోజున కూడా ఇంట్లో కన్నా బయట వెలుగు ఎన్నో రెట్లు ఎక్కువ. వేసవిలో మాత్రం ఎండ ముదరక ముందే లోపలికి వచ్చేయాలి.
* పొయ్యి ఆర్పొద్దు. ఇద్దరు ముగ్గురు ఒంటరి అవ్వలు కలిసి వంతులు వేసుకుంటే వంటా అవుతుంది, కబుర్లూ అవుతాయి. జొన్నరొట్టెతోపాటు పప్పు, ఆకుకూర, గుప్పెడు వేరుశనగలు, వీలైతే గుడ్డు. ఉత్త రొట్టె, మజ్జిగతో నెలలు గడిపితే ఒంట్లో కండ కరిగిపోతుంది.
* రోజూ కాసేపు నడవండి. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు చేసినా మంచిదే. పడిపోతామన్న భయం తగ్గుతుంది.
* పగటి నిద్ర అరగంటకి మించొద్దు. రాత్రి మూడింటికి మెలకువ రావడానికి మధ్యాహ్నం మూడింటి కునుకే కారణం కావచ్చు.
* చేతికి పని ఉండాలి. విత్తనాలు ఏరడం, బొంత కుట్టడం, పక్కింటి పాపకి కథ చెప్పడం... ఏదైనా సరే. మగ్గం దిగిన తాత ఓ కుర్రాడికి అచ్చు అతకడం నేర్పితే ఆ పూట ఆయన పనికిరానివాడు కాదు.

బండెక్కే ముందు

సుగ్గికి వెళ్లేవాళ్లని తప్పుపట్టడం తేలిక. అప్పు తీరాలి, పిల్ల పెళ్లి కావాలి, ఇల్లు నడవాలి. వాళ్లేమీ సరదాకి వెళ్లడం లేదు. కొడుకు బెంగళూరులో ఏసీ గదిలో ఉద్యోగం చేసినా, గుంటూరులో మిరప చేలో ఉన్నా తల్లికి ఎడబాటు ఒకటే. వెళ్లకుండా ఉండలేనప్పుడు, వెళ్లే ముందు ఓ పూట ఇందుకోసం కేటాయించండి.

బీపీ, చక్కెర పరీక్షలు చేయించి మందులు తెచ్చి పెట్టండి. కళ్లద్దాలు, చేతికర్ర సరిచూడండి. రాత్రి లేచే దారిలో ఓ బల్బు బిగించండి. నాలుగు ఫోన్ నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. పక్కింట్లో ఒకరికి ఈ బాధ్యత నోటితో అప్పజెప్పండి. 'రోజూ పొద్దున మా అమ్మ తలుపు తీసిందో లేదో చూడు పిన్నీ' అంటే కాదనేవాళ్లు మన పల్లెల్లో ఉండరు.

ఫోన్ ఎప్పుడో ఒకప్పుడు కాదు, రోజూ ఒకే సమయానికి చేయండి. ఆ సమయం కోసం ఆమె ఎదురుచూస్తుంది. ఎదురుచూసేది ఒకటుంటే రోజు గడుస్తుంది. 'తిన్నావా, మాత్ర వేసుకున్నావా' దగ్గరే ఆగిపోవద్దు. 'మిరపకాయ ఎండబెట్టడం ఎట్లమ్మా', 'పాప పెళ్లికి ఏమంటావు' అని అడగండి. సలహా అడిగించుకున్న మనిషికి తాను ఇంకా ఇంటిపెద్దనేనన్న ధీమా కలుగుతుంది.

వలస కుటుంబాల పిల్లల చదువు ఆగకుండా సీజనల్ హాస్టళ్లు నడిపే ఏర్పాటు ఈ ప్రాంతంలో ఉంది. పెద్దవాళ్ల కోసం అలాంటి ఆలోచన కూడా రావాలి. భవనాలు అక్కర్లేదు. పగటిపూట నలుగురూ చేరడానికి ఓ గది, ఒక పూట వేడి భోజనం, బీపీ చూసే మనిషి ఉంటే చాలు. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకి నాలుగు వేల రూపాయలు సచివాలయ ఉద్యోగులే ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. ఎవరూ తట్టని తలుపుని నెలకోసారైనా ఓ చెయ్యి తడుతోందన్నమాట. ఆ రెండు నిమిషాల్లో 'నిద్ర పడుతోందా అవ్వా, తింటున్నావా' అని కూడా అడిగితే... కుంగిపోతున్నవాళ్లు ఎవరో ఊరికి ముందే తెలుస్తుంది.

సాయం కోసం ఎవరైనా ఫోన్ చేయగలిగిన నంబర్లు రెండున్నాయి. పెద్దవాళ్ల కష్టసుఖాలకి, పింఛను, ఆశ్రయం లాంటి విషయాలకి 14567. మనసు బాధకి టెలి మానస్ 14416. 2022 అక్టోబరులో మొదలైన ఈ సేవలో తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. చికిత్స అవసరమైతే కర్నూలు సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. తల్లిదండ్రులని పూర్తిగా వదిలేసినప్పుడు 2007 నాటి చట్టం ప్రకారం పోషణ ఖర్చుల కోసం డివిజన్ స్థాయి ట్రైబ్యునల్‌ని ఆశ్రయించవచ్చు.

ఉగాది దాకా...

సుగ్గికెళ్లినవాళ్లు పీర్ల పండగ ఏ కాలంలో వచ్చినా వీలు చేసుకుని ఊరికొస్తారు. ఉగాదికి ఎక్కువమంది తిరిగి చేరతారు. మూతపడిన ఇళ్ల తాళాలు తీస్తారు, గోడలకి సున్నం పడుతుంది, వీధిలో పిల్లల గోల మొదలవుతుంది. అవ్వ పొయ్యి మీద మళ్లీ పెద్ద గిన్నె ఎక్కుతుంది.

దీపావళి నుంచి ఉగాది దాకా నాలుగైదు నెలలు. ఆ నెలల్ని అవ్వ ఎదురుచూస్తూ గడుపుతుందా, మంచానికి అతుక్కుపోయి గడుపుతుందా అన్నది ఆమె ఒక్కదాని చేతిలో లేదు. ఫోన్ చేసే కొడుకు, తలుపు తట్టే పక్కింటి పిన్ని, రొట్టె పంచుకునే ఇంకో అవ్వ... వీళ్లందరి చేతుల్లోనూ ఉంది. ఈసారి బండెక్కే ముందు ఓసారి వెనక్కి తిరిగి చూడండి. గడపలో అవ్వ నిలబడి ఉంది. ఆమె పక్కన ఎవరున్నారు?